గండిలో నిలబడిన ఫొటో

“ఇంకొంచెం ఎనక్కి జరుగు మే. మన్నుకు ఆనుకో.”

“జరిగినా. ఇంగ తీయప్పా, కాళ్ళు కాల్తాండాయి.”

మా ఇంటాయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. ఆయన కుంట కట్ట మీద ఉన్నాడు, చేతిలో ఫోను. నేను కింద గండిలో ఉన్నాను. కట్ట తెగి నీళ్ళు కోసుకుపోయిన చోటది. పొద్దు ఆయన వెనక ఉంది. తలెత్తి చూస్తే ముఖం కనబడలేదు, నల్లగా మనిషి ఆకారం మాత్రం కనబడింది. ఆ ఆకారం మెల్లగా కిందికి కూర్చుంది. ఫొటో తీసేటప్పుడు గొంతుక్కూర్చోవడం ఆయనకు అలవాటే. అందుకని నేను కదల్లేదు. కదిలితే మళ్ళీ మొదటికొచ్చిందని తిడతాడు. గుంజలాగా నిలబడ్డాను.

కాసేపటికి ఫోను కట్ట వాలు మీద జారుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గరి కంపలో ఆగింది. అప్పుడు పైకి ఎగబాకాను. పోయి చూస్తే ఏముంది. గుండె అన్నారు. ఉరవకొండ ఆసుపత్రికి తీసుకుపోయారు గానీ, ఆ ఆటోలో నా ఒడిలో ఉన్న తల బరువు చూసి నాకు ముందే తెలిసిపోయింది.

ఇది నేను చెబుతున్నాను, మా తోడికోడలు రాస్తోంది. డిగ్రీ చదివిన పిల్ల. నేను చెప్పేది మా తీరు, ఆమె రాసేది పుస్తకాల తీరు. నాకు సంతకం వస్తుంది, బస్సు మీద ఊరి పేరు గుర్తుపట్టడం వస్తుంది, అంతకుమించి రాదు. ఇప్పుడెందుకు రాయిస్తున్నానంటే, చుట్టుపక్కల ఊళ్ళ నీటి సంఘాల వాళ్ళు మా ఇంటికి వచ్చి, ఆ ఫొటోల స్లైడ్లు ఎట్లా చేశారు, మాకూ చెప్పండి అని అడుగుతున్నారు. వచ్చినవాళ్ళందరికీ మొదటి నుంచి చెప్పాలంటే గొంతు నిలవడం లేదు. చెప్పిన ప్రతిసారీ ఆ ఆటో దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నాను. ఒకసారి రాసిపెడితే చదువుకుంటారు.

మాది మెట్ట. వేరుశనగ బుడ్డలు వేస్తాం, వాన కోసం చూస్తాం. ఊరి పైన గుట్ట, గుట్ట కింద కుంట. కుంటలో నీళ్ళు నిలిస్తే కింది బావులన్నిటికీ ఊట వచ్చేది. ఒక ఏడు ఒక్క రాత్రిలోనే కుంభవృష్టి కురిసి, నీళ్ళు నిండితే పొర్లిపోయే మరవ మీదుగా పోలేక కట్టను తెంచుకుని పోయాయి. కరువు సీమలో వాన ఎక్కువై కట్ట తెగిందంటే నవ్వుతారు, కానీ మాకు వాన వచ్చేది అట్లాగే. ఆ తర్వాత కురిసింది కురిసినట్టే గండిలో నుంచి వంకకు పోయింది. బావులు ఎండాయి. బోర్లు పొగ కక్కాయి. గండి పూడిస్తే చాలు, ఇంకేమీ వద్దు, అని మా ఇంటాయన తిరగని ఆఫీసు లేదు.

చివరికి ఒక కబురు వచ్చింది. ఈ ఎండాకాలంలో మా మండలంలో ఒక్క కుంటకే పని ఇస్తారు. ఏ కుంటకో తేల్చడానికి అనంతపురంలో మీటింగు పెడతారు. ప్రతి ఊరివాళ్ళూ తమ కుంట సంగతి తెర మీద ఫొటోలతో పది నిమిషాల్లో చూపాలి. అంతే. ఆ పది నిమిషాల్లో మా ఊరి నీళ్ళున్నాయి.

ఆయన పదో తరగతి దాకా చదివాడు. నీటి సంఘానికి ఎప్పుడో ఇచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి సంఘం పెద్దాయన ఇంట్లో, అట్టపెట్టె కూడా విప్పకుండా పడి ఉంటే, అడిగి తెచ్చుకున్నాడు. ఉరవకొండలో ఆన్‌లైను పనులు చేసే ఒక కొట్టులో కూర్చుని నేర్చుకున్నాడు. సాయంత్రం పూట నేను అరుగు మీద విత్తనం బుడ్డలు ఒలుస్తుంటే, కంప్యూటరును గోతంసంచి మీద పెట్టి నా వైపు తిప్పేవాడు. పిల్లలు లేని ఇల్లు మాది. ఆయన ఏం చేసినా చూడడానికి నేనొక్కదాన్నే.

మొదటి స్లైడు చూసి నాకు కళ్ళు తిరిగాయి. తాతల కాలం నుంచి కుంట కథంతా దాంట్లోనే రాశాడు. పై నుంచి కిందిదాకా అక్షరాలే.

“ఇదేందప్పా, చీమలు బారు కట్టినట్ల ఉండాది,” అన్నాను.

“చదవను రానిదానివి, నీకేం తెల్స్తాది?”

“రాదని తెలిసే గదా నన్ను కూచ్చోబెట్టింది.”

ఆయన కంప్యూటరు మూసి బయటికి పోయాడు. మరుసటి రోజు చేలో నుంచి వస్తూనే, నువ్వు చెప్పింది నిజమే, హాల్లో వెనక కూర్చున్నోడు ఇదంతా చదువుతాడా, చదివితే మళ్ళీ నేను మాట్లాడేది ఎందుకు, అన్నాడు. అప్పటి నుంచి ఒక స్లైడుకు ఒక ఫొటో, ఒక వరస మాట. అక్షరం సరిపోతుందో లేదో చూడడానికి కంప్యూటరును అరుగు మీద పెట్టి, వీధి అవతల ఎద్దుల్ని కట్టేసే చోటికి పోయి, అక్కడ నిలబడి చదివేవాడు. అక్కడికి కనబడకపోతే వచ్చి పెద్దది చేసేవాడు. పోయేవాడు, వచ్చేవాడు. ఎద్దులు కూడా తల తిప్పి చూసేవి.

కొన్నాళ్ళు రంగుల పిచ్చి పట్టింది. ఎర్రటి అడుగు మీద పసుపుపచ్చ అక్షరాలు. ఓట్లప్పుడు కట్టే ఫ్లెక్సీ మాదిరి ఉంది, నువ్వు నిలబడతావా ఏమి, అన్నాను. తెల్లటి అడుగు మీద నల్లటి అక్షరాలకు వచ్చాడు. ఆ తర్వాత అక్షరాలు ఎగిరొచ్చేటట్టు, గిర్రున తిరిగి కూర్చునేటట్టు చేశాడు. అక్షరాలకు దయ్యం పట్టిందన్నాను. నవ్వి తీసేశాడు. మరుసటి రోజు ఇంకొకటి తెచ్చాడు. దీంట్లో చప్పుళ్ళు కూడా పెట్టొచ్చంట మే, అన్నాడు ఒకసారి. మా కంప్యూటరు స్పీకరు పనిచేయదు. కొట్టులో విని వచ్చి, ఎట్లా ఉంటుందో నోటితో చేసి చూపించాడు.

ఇట్లాంటి మీటింగుకు పోయేవాళ్ళకు నేను చెప్పేదేమంటే, మీ ఇంట్లో చదువు రానివాళ్ళుంటే ముందు వాళ్ళకు చూపండి. మధ్యలో అడ్డం పడి చెప్పకండి. వాళ్ళు ఎక్కడ చూపు తిప్పుకుంటే అక్కడ చెడింది. మా ఇంటాయన నా ముఖం చూసేవాడు, నేను కంప్యూటరు చూసేదాన్ని. ఎన్నో ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను అంతసేపు చూసింది ఆ రోజుల్లోనే.

గండి ఫొటో దగ్గర మా ఇద్దరికీ చిక్కొచ్చింది. పక్కన నిలబడి చూస్తే గుండెలదిరే గండి, ఆ ఫొటోలో బండ్లబాట మాదిరి ఉంది. ఫొటోను పెద్దది చేశాడు. పెద్ద బండ్లబాట అయింది. ఇంకో పక్క నుంచి తీసుకొచ్చాడు, అదీ అంతే.

“ఎంత లోతో ఎట్ల తెల్స్తాదప్పా? పక్కన ఏమీ లేదు గదా. ఎవురినన్నా నిలబెట్టి తీయి.”

ఆయన కాసేపు నా వైపే చూశాడు. తర్వాత ఆ గండి ఫొటో వెనకాలే ఒక ఖాళీ స్లైడు చేశాడు. దాని మీద ఏదేదో నొక్కాడు, తనలో తాను నవ్వుకున్నాడు.

“ఇది నీకే. రేపు నువ్వొచ్చి నిలబడాల,” అన్నాడు.

నాకు సిగ్గేసింది. సంఘంలో మగవాళ్ళు ఇంతమంది ఉండగా నేనెందుకు అన్నాను. వాళ్ళను నిలబెడితే మీసాలు దువ్వుకుంటూ నిలబడతారు, గండి కనబడదు, అన్నాడు. అట్లా నేను గండిలోకి దిగాను.

దినాలకు గోడ మీద పెట్టడానికి ఆయన ఫొటో కావాల్సి వచ్చింది. ఫోనంతా వెదికారు. కుంట, బావులు, ఎండిన చేలు, మరవ రాళ్ళు. ఆయన మాత్రం ఒక్కదాంట్లోనూ లేడు. తీసేవాడు ఫొటోలో ఎట్లా ఉంటాడు? రేషను కార్డుకు తీసిన చిన్న ఫొటోను పెద్దది చేయిస్తే ముఖం అలికినట్టు వచ్చింది. దానికే దండ వేశాము.

దినాలయ్యాక మా తోడికోడలు ఆ ఫోనును కంప్యూటరుకు తగిలించి, అక్కా, ఆ ఫొటో పడింది, అని పిలిచింది. నేను పోలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాను. చివరికి నేనే లేచి పోయి చూశాను.

గండి కనబడింది. మొదటిసారి ఫొటోలో అది గండి మాదిరి కనబడింది. అడుగున నేను, చిన్నగా, చీర కొంగు నెత్తిన కప్పుకుని, కళ్ళు చికిలించి పైకి చూస్తూ. నా ముందర నేల మీద ఒక నీడ. కూర్చోబోతున్న మనిషి నీడ, ఒక చేయి ముఖం దగ్గర.

మా తోడికోడలికి అది తెలియలేదు. “ఫొటోలో తీసేటోళ్ళ నీడ పడగూడదక్కా. కోసేస్తా, నీటుగా ఉంటాది,” అంది. అంటూనే ఏదో లాగింది. కింది ముక్క మాయమైంది. నేనూ గండీ మిగిలాము.

“తెచ్చిపెట్టు,” అన్నాను.

“బాగుండదక్కా.”

“అది మీ బావ మే. తెచ్చిపెట్టు.”

ఆమె చేయి ఆగిపోయింది. వెనక్కి తెచ్చింది. ఆయన మళ్ళీ నేల మీదికి వచ్చాడు. ఆ తర్వాత ఆ పిల్ల ఏడ్చింది, నేను ఏడవలేదు. ఆయన చేసిపెట్టిన ఖాళీ స్లైడులో ఆ ఫొటోను నీడతో సహా పెట్టింది.

మీటింగులో ఎవరు మాట్లాడాలన్నది తర్వాతి మాట. సంఘం పెద్దాయన భూములున్న మనిషి, నాలుగు సభల్లో మాట్లాడినవాడు. నేను చూసుకుంటానన్నాడు. మా అరుగు మీద ఒకసారి చేసి చూశాడు. కంప్యూటరు వైపు తిరిగి, మా వైపు వీపు పెట్టి, స్లైడు మీద ఉన్న వరసనే బడిపిల్లవాడి మాదిరి చదివి, తర్వాతిది నొక్కమన్నాడు. పది నిమిషాల పని చిటికెలో అయిపోయింది. ఆయనకే నవ్వొచ్చింది. ఫొటోకూ ఫొటోకూ నడుమ చెప్పాల్సిన మాట నాకు తెల్దు, అది వాని కడుపులో ఉన్నింది, లేకుంటే నీ కడుపులో ఉండాల, అని నన్ను చూసి అన్నాడు.

నిజమే, ఏ ఫొటో వెనక ఏం చెప్పాలో నాకు తెలుసు. బుడ్డలు ఒలుస్తూ అన్నిసార్లు విన్నాను.

కానీ మొగుడు పోయి మూడు నెలలు నిండకుండా ఆడమనిషి గడప దాటి మంచి పనికి ముందు నిలబడడం మా దగ్గర లేదు. వీధిలో ఆడవాళ్ళే ముందు అన్నారు. పని చెడితే నీ మీదికే వస్తుంది, చూసుకో అన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను, నేనూ వేరేవాళ్ళను అట్లా అన్నదాన్నే. నేను చెప్పింది ఒకటే. పని ఇప్పటికే చెడి ఉంది, ఇంకేం చెడుతుంది.

మీటింగు రోజు సంఘం మగవాళ్ళు తెల్లవారి ముందే కారులో బయలుదేరారు, మంచి పనికి పోయే దారిలో నేను ఎదురుపడకుండా. నేనూ మా తోడికోడలూ తర్వాత బస్సుకు పోయాము. పెన్ డ్రైవ్ ఆమె కొంగున కట్టుకుంది. తమకు ఎదురు రాగూడదన్న మనిషే అక్కడ తమ తరఫున మాట్లాడాలన్నది ఆ మగవాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు.

హాలు చల్లగా ఉంది. ముందర బల్ల వెనక ఆఫీసర్లు కూర్చున్నారు. మాకంటే ముందు వచ్చిన ఊరివాళ్ళు తెర నిండా అక్షరాలు పెట్టుకుని వచ్చారు. వాళ్ళు చదువుతూ ఉంటే ఆఫీసర్లు ఫోన్లు చూసుకున్నారు. చీమల బారు అనుకున్నాను. లోపల కొంచెం ధైర్యం వచ్చింది.

మా వంతు వచ్చింది. పెన్ డ్రైవ్ వాళ్ళ కంప్యూటరుకు పెట్టారు. మా తోడికోడలు దాని ముందు కూర్చుంది, నేను తెర పక్కన నిలబడ్డాను. మైకు వద్దన్నాను. మా కుంటలో నీళ్ళున్నప్పటి పాత ఫొటో పడింది, ఎవరి ఇంట్లోనో దొరికింది. ఆ నీళ్ళ గురించి మొదలుపెట్టాను. గొంతు బొంగురుగా ఉంది, దినాల నుంచీ అట్లాగే ఉంది, ఇప్పటికీ తేరుకోలేదు. రెండో ఫొటోకు వచ్చేసరికి హాల్లో గుసగుసలు. ముందు వరసలో ఎవరో నవ్వారు. నా మాట వికారంగా ఉందేమో అనుకుని ఇంకా గట్టిగా చెప్పాను.

మా తోడికోడలు లేచి వచ్చి చెవిలో చెప్పింది. “అక్కా, అక్షరాలన్నీ పోయినాయి. డబ్బాలు పడతాండాయి.”

తిరిగి తెర చూశాను. ఫొటో కింద వరసగా ఏవో ఉన్నాయి. ముందర ఉన్నవి అవేనా కావా, నాకెట్లా తెలుస్తుంది? నాకు అక్షరమైనా ఒకటే, డబ్బా అయినా ఒకటే.

“ఫొటోలు ఉండాయా?” అన్నాను.

“ఉండాయి.”

“అయితే నొక్కుతా పో.”

తర్వాత తెలిసింది. మా ఇంటాయన వాడిన తెలుగు అక్షరాల అచ్చు, ఫాంటు అంటారు, మా కంప్యూటర్లో ఉంది, ఆఫీసు కంప్యూటర్లో లేదు. ఏ అక్షరం గీయాలో తెలియక అది డబ్బాలు గీసింది. మీరు పోయేటప్పుడు అచ్చును కూడా వెంట తీసుకుపోండి. లేకుంటే అన్నీ ఫొటోలుగా మార్చుకుని పోండి. ముందు రోజే పోయి ఆ హాలు కంప్యూటర్లో ఒకసారి వేసి చూసుకోండి. మాకు చెప్పేవాళ్ళు లేకపోయారు.

బావుల ఫొటోలు అయిపోయాయి. గండి ఫొటో పడింది, మనిషి లేనిది, బండ్లబాట మాదిరిది. దీని తర్వాతది చూస్తే తెలుస్తుంది సార్ అని చెప్పి, నొక్కమని చేయి ఊపాను.

ఫొటో రాలేదు. తెల్లటి తెర, నడుమ ఒక ఖాళీ చదరం, మూలన ఎర్రటి అడ్డగీతలు. దాంతోపాటు హాలు నిండా చప్పట్లు. పెద్ద పెద్ద స్పీకర్లలో నుంచి, వందమంది ఒక్కసారి కొట్టినట్టు.

అందరూ వెనక్కి తిరిగి చూశారు, ఎవరు కొట్టారా అని. ఎవరూ కొట్టలేదు. అప్పుడు నవ్వులు లేచాయి. మా తోడికోడలు తల బల్లకు ఆనించేసింది. సంఘం పెద్దాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అయింది. ఆ స్లైడు చేసింది ఆయన. ఇది నీకే అని, ఏదో నొక్కి, తనలో తాను నవ్వుకున్నాడు. మా ఇంటి కంప్యూటరుకు స్పీకరు లేదు గనుక మేమెవరమూ వినలేదు. నేను ఆ తెర మీద పడిన రోజు నన్ను ఆటపట్టించడానికి ఆ చప్పట్లు పెట్టి, వాటిని నాకు వినిపించకుండానే పోయాడు.

అందరూ నవ్వుతున్నారు, నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

బల్ల వెనక ఒక ఆఫీసరమ్మ ఉంది, నడివయసు మనిషి. నవ్వులు ఆగేదాకా చూసి అడిగింది. “అక్కడ ఏ ఫొటో ఉండాలమ్మా?”

“నేనుండాల మేడం.”

మళ్ళీ ఎవరో నవ్వబోయి ఆగారు.

“మీరా?”

“గండిలో నిలబడుకోని ఉంటా. లోతు తెలిసేదానికి.”

ఆమె కాగితం మీద ఏదో రాసుకుంటూ, పర్వాలేదు, లోతు ఎంత ఉంటుందో చెప్పండి, అంది. మీటర్లలో నాకు రాదు. డబ్బాలైపోయిన అక్షరాల్లో ఉండేది ఆ లెక్క. మా తోడికోడలికీ ఆ అదురులో గుర్తు రాలేదు. పది నిమిషాలు అయిపోవచ్చాయని పక్కన ఎవరో గడియారం చూపించారు.

“ఇందాకటిది పెట్టు,” అన్నాను.

మనిషి లేని గండి మళ్ళీ పడింది. నేను పోయి తెర ముందర, గండి అడుగు ఉన్న చోట నిలబడ్డాను. ముందుగా అనుకుని చేసింది కాదు. ఇంకేం చేయాలో తోచలేదు. ప్రొజెక్టరు వెలుగు నేరుగా కళ్ళలో పడింది. ఎదురుగా ఉన్నవాళ్ళ ముఖాలు ఒక్కటీ కనబడలేదు. తెల్లచీర మీద మా ఊరి ఎర్రమన్ను, కంప చెట్లు పడి ఉన్నాయట. నా తల గండి సగానికి కూడా రాలేదట. ఇదంతా మా తోడికోడలు తర్వాత చెప్పింది. నాకు మాత్రం ఆ వెలుగు, దాని వెనక చీకటి, ఆ చీకట్లో ఎవరో ఉన్నారన్న ఎరుక. కట్ట కింద నిలబడి పొద్దుకు ఎదురుగా చూసినప్పుడు ఎట్లా ఉన్నిందో అట్లాగే. కదలకుండా నిలబడ్డాను. ఇంగ చాలు అని ఎవరన్నా అంటారేమో అని చూశాను.

“నా ఎత్తు ఇది మేడం,” అన్నాను. “నా నెత్తిన ఇంకొక మనిషి నిలబడినా కట్ట అందదు. వాన వస్తే నీళ్ళన్నీ ఈడనుంచే పోతాండాయి.”

ఆయన పోయిన సంగతి చెప్పలేదు. చెబితే జాలిపడి ఇచ్చేవాళ్ళేమో, నాకు తెలియదు. నేను కుంట సంగతి చెప్పడానికి పోయాను, నా సంగతి కాదు. ఆఫీసరమ్మ చాలమ్మా, రండి, అన్నాక పక్కకు వచ్చాను.

బయట మెట్ల మీద కూర్చుని మా తోడికోడలు కుమిలిపోయింది. ఫైలు బరువవుతుందని ఆమె ఆ ఫొటోను స్లైడు లోపల పెట్టకుండా, అది ఎక్కడుందో ఆ దారి మాత్రమే చెప్పి వదిలిందట. ఆ దారి మా ఇంటి కంప్యూటర్లోకి పోతుంది. అనంతపురంలో ఆ దారి యాడ దొరుకుతుంది? నా వల్లే బావ ఫొటో పడలేదక్కా, అని ఒకటే ఏడుపు. ఈ మాట రాయనంటోంది ఇప్పుడు. రాయి మే, అడిగేవాళ్ళకు పనికొస్తుంది. ఫొటో ఎప్పుడైనా లోపలికే పెట్టుకోండి, బరువైతే కానీ.

పని మాకే వచ్చింది. ఎందుకిచ్చారో ఎవరూ చెప్పలేదు. సంఘం పెద్దాయన తనకు తెలిసినవాళ్ళతో చెప్పించానంటాడు. ఊరివాళ్ళు నా వల్లనంటారు. నిజం చెప్పాలంటే మా గండే అందరి గండ్ల కంటే పెద్దదేమో. ఇంజనీరు వచ్చి టేపు వేసి కొలుచుకుని పోయాడు. వానలకు ముందే జేసీబీలు దిగాయి.

పని జరిగినన్నాళ్ళూ నేను పోయి కూర్చున్నాను. కొత్త మన్ను పాత కట్టను పట్టుకోవాలంటే, గండికి రెండు పక్కలా పాత కట్టను మెట్లు మెట్లుగా కోయాలట. ఆయన కూర్చున్న చోటు గండి అంచున ఉంది. అక్కడ ఎవరికీ తెలియకుండా నేను ఒక రాయి పెట్టి ఉన్నాను. జేసీబీ అక్కడికి వచ్చినప్పుడు లేచి పోయాను.

“ఆడ వద్దప్పా,” అన్నాను.

బండి నడిపేవాడు ఆపాడు. కసురుకోలేదు. “ఇది కోయకుంటే అతుకు పడదమ్మా. నీళ్ళొస్తే మళ్ళా ఈడనే తెగుతాది.”

నేను రాయి పక్కన నిలబడ్డాను. జేసీబీ తొట్టి నా ముందర గాల్లో ఆగి ఉంది. ఆయన ఎన్ని ఆఫీసులు తిరిగాడో తలుచుకున్నాను. కట్ట మళ్ళీ తెగితే ఆయన తిరిగిందంతా ఎందుకు? పక్కకు జరిగాను. ఒక్క గీకుడుతో ఆ చోటు లేచి తొట్టిలో పడింది. ఆ మన్నును తీసుకుపోయి, ఆ రోజు ఫొటోకు నేను నిలబడిన చోటనే పోసి తొక్కించారు.

పూడ్చడం అయిపోయాక ఇంజనీరు ఫొటోలు తీసుకోవడానికి వచ్చాడు. ఆ రోజు హాల్లో ఉన్నాడేమో, నన్ను గుర్తుపట్టి, వచ్చి నిలబడమ్మా అన్నాడు. నేను పోలేదు. లోతు లేదు గదా సార్, ఇంగ మనిషి ఎందుకు, అన్నాను. ఆయన ఏమనుకున్నాడో, కట్ట ఒక్కదాన్నే తీసుకుని పోయాడు.

కుంట ఇంకా ఎండే ఉంది. మబ్బు వస్తోంది, గుట్ట మీద నిలబడుతోంది, ఎటో పోతోంది. వస్తే నీళ్ళు నిలుస్తాయి, ఆ నమ్మకం ఉంది. గండి ఉన్నన్నాళ్ళూ ఆయన పోయిన చోటు అది అని పోయి కూర్చునేదాన్ని. ఇప్పుడు పోతే ఈ చివర నుంచి ఆ చివర దాకా కట్ట ఒకే తీరుగా ఉంది. ఎక్కడ కూర్చోవాలో తెలియక, కాసేపు నిలబడి వచ్చేస్తున్నాను. ఆయన కోరుకున్నదే జరిగింది. అది జరిగినందుకు ఇంత నొప్పి ఉంటుందని మాత్రం నేను అనుకోలేదు.

ఇంతే మే. కలం పక్కన పెట్టు. నేను అననివి, ఏడుపుగొట్టు మాటలు ఏమన్నా కలిపినావేమో, ఉంటే కొట్టేయిస్తాను. మొదటి నుంచి చదువు, వింటా. గబగబా చదవాకు.